వారధుల కథ – 7: విప్పి బిగించే వంతెనలు

కిందటి భాగంలో రాతి కమానుల సంగతి చెప్పుకున్నాం. బరువు పడేకొద్దీ రాళ్ళు ఒకదాన్నొకటి అదుముకుని ఇంకా గట్టిపడతాయి. కట్టినవాళ్ళు కాలం చేసి వందల ఏళ్ళయినా, ఊళ్ళోవాళ్ళు పట్టించుకోకపోయినా, ఆ వంతెన తన మానాన తాను నిలబడుతుంది. కర్ర వంతెనకు ఆ భాగ్యం లేదు. అది వానకు నానుతుంది, ఎండకు పగులుతుంది. చెదలు పడుతుంది. అడవి అంటుకుంటే తానూ అంటుకుంటుంది. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు కిందికి దిగి సుత్తితో తట్టి చూడాలి. వదులైన నట్టు బిగించాలి. పుచ్చిన దూలం తీసేసి కొత్తది పెట్టాలి.

అయినా నూరేళ్ళు దాటి ఈ రోజుకీ బళ్ళను మోస్తున్న కర్ర వంతెనలు ఉన్నాయి. అవి ఎలా నిలిచాయో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి వెళ్దాం. 1860ల మొదలు 1936 దాకా అక్కడి రోడ్ల మీద 400కి పైగా కర్ర ట్రస్ వంతెనలు లేచాయి. ఒకే ప్రభుత్వ శాఖలోని ఇంజినీర్లు ఒకరి తరవాత ఒకరు, ముందువాళ్ళ తప్పుల్ని దిద్దుకుంటూ ఐదు రకాల నమూనాలు తయారుచేశారు. ఆ ఐదింటి కథలో వంతెన కట్టే విద్య ఎంత ఉందో, దాన్ని కాపాడుకునే విద్యా అంతే ఉంది.

దారికి అడ్డం పడ్డ నదులు

1851లో బాథర్స్ట్ పరిసరాల్లో బంగారం బయటపడింది. జనం వేలాదిగా లోతట్టు ప్రాంతాలకు తరలిపోయారు. అప్పటికే అక్కడ గొర్రెల మందలు విస్తరించి ఉన్నాయి. ఉన్ని మూటలు ఎద్దుబళ్ళ మీద వారాల తరబడి ప్రయాణించి రేవు చేరాలి. దారి పొడుగునా నదులే. ఆ నదుల తీరు మన మెట్టప్రాంతపు వాగుల్లాంటిది కాదు, వాటికన్నా మొండిది. ఏళ్ళ తరబడి సన్నగా పారి, ఏదో ఒక రాత్రి మైళ్ళ వెడల్పున పొంగేవి.

1852 జూన్‌లో మరంబిడ్జి నది అలాగే పొంగి, వరద మైదానంలో కట్టుకున్న గుండగై ఊరిని ముంచేసింది. 80 మంది దాకా ప్రాణాలు పోయాయి. అక్కడి మూలవాసులైన విరాజురి తెగకు చెందిన యారీ, జాకీ జాకీ అనే ఇద్దరు చెట్టు బెరడు పడవల మీద వరదకు ఎదురీది పదుల కొద్దీ మనుషుల్ని కాపాడారు. ఆ తరవాత ఊరు మెరకకు మారింది. కానీ దారి నదిని దాటక తప్పదు. నదితోపాటు దాని వరద మైదానాన్నంతా దాటాలి.

రాతి వంతెనలు కట్టగలవాళ్ళు అప్పటి ఆ బ్రిటిష్ వలస రాజ్యంలో లేకపోలేదు. డేవిడ్ లెన్నాక్స్ అనే స్కాట్లాండ్ తాపీమేస్త్రీ 1833లో బ్లూ మౌంటెన్స్ పాదాల దగ్గర ఖైదీల చేత కట్టించిన రాతి కమాను ఈనాటికీ ఉంది. 1840లో బ్రిటన్ న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీల్ని పంపడం మానేసింది. జీతం ఇవ్వక్కర్లేని చేతులు కరువయ్యాయి. ఇనుము కావాలంటే బ్రిటన్ నుంచి ఓడల్లో రావాలి. ఖర్చు తడిసి మోపెడయ్యేది. చేతికి అందుబాటులో ఉన్నది అడవి ఒక్కటే. 1862లో రోడ్ల కమిషనర్‌గా, ఇంజినీరుగా పగ్గాలు చేపట్టిన ఐర్లండ్ దేశస్థుడు విలియం క్రిస్టఫర్ బెన్నెట్ ఆ అడవి మీదే ఆధారపడ్డాడు.

ఆ చెట్టు మనకు తెలిసిన జాతే

ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం జామాయిల్ తోటలు పెంచే రైతుకు యూకలిప్టస్ అంటే నాలుగైదేళ్ళకు నరికి అమ్మే సన్నటి వాసం. ఆ జాతికి పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ దాని రకాలు వందల్లో ఉన్నాయి. న్యూ సౌత్ వేల్స్ తూర్పు అడవుల్లో పెరిగే ఐరన్‌బార్క్ అనే రకం నింపాదిగా, తరాల తరబడి ఎదుగుతుంది. నల్లటి, బీటలు వారిన మందపాటి బెరడు. లోపల చేవ ఎంత గట్టిదంటే, ఘనపు మీటరు కర్ర సుమారు 1,100 కిలోలు తూగుతుంది. మన టేకు 650 కిలోల దగ్గర ఉంటుంది. ఐరన్‌బార్క్ దూలాన్ని నదిలో వేస్తే తేలదు, మునుగుతుంది. బాడిసతో చెక్కబోతే బాడిస మొద్దుబారుతుంది. చెదలు తేలిగ్గా ముట్టుకోవు. వంతెన దూలాలకు ఐరన్‌బార్క్, పైన పరిచే పలకలకు టాలోవుడ్, ఉప్పునీటిలో దిగ్గొట్టే గుంజలకు టర్పెంటైన్ చెట్టు: ఏ పనికి ఏ చెట్టన్నది వడ్రంగులు అనుభవంతో తేల్చుకున్నారు.

అనుభవానికి లెక్క తోడయ్యింది 1880ల్లో. సిడ్నీ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ ఆచార్యుడు విలియం హెన్రీ వారెన్ స్థానిక కలప ముక్కల్ని యంత్రంలో పెట్టి లాగి, నొక్కి, వంచి, ఏది ఎంత బరువుకు విరుగుతుందో నమోదు చేశాడు. ఆ కొలతలు వచ్చేవరకు ఇంజినీర్లకు దిక్కు యూరప్ కలప గురించి రాసిన పుస్తకాలే. ఇప్పుడు తమ చెట్టు బలం తమకు అంకెల్లో తెలిసింది. ఇంజినీరు నమ్మకంగా దూలం మందం తగ్గించగలిగాడు, ఖానా పొడవు, అంటే రెండు ఆధారాల మధ్య దూరం, పెంచగలిగాడు.

చట్రంలో దాగిన ఉపాయం

ఒక్క దూలాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వేస్తే అది కాస్త దూరం వరకే పనికొస్తుంది. పొడవు పెరిగితే మధ్యలో కుంగుతుంది. పెంకుటింటి కప్పు కింద త్రికోణంగా బిగించిన చట్రాన్ని చూసినవాళ్ళకు దీనికి విరుగుడు అర్థమవుతుంది. త్రికోణం మూలలు కదలవు. త్రికోణాల్ని వరసగా పేర్చి పైన ఒక దూలం, అడుగున ఒక దూలం బిగిస్తే ట్రస్ తయారవుతుంది. బరువు పడినప్పుడు పై దూలం నొక్కుకుపోతుంది, అడుగు దూలం సాగదీసినట్టు లాగబడుతుంది. రోడ్డుకు అటొక ట్రస్, ఇటొక ట్రస్ నిలబెట్టి, వాటి అడుగు దూలాలకు అడ్డదూలాలు వేలాడదీసి, వాటి మీద పలకలు పరిస్తే వంతెన. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో 1570లో ప్రచురించిన గ్రంథంలోనే ఇలాంటి కర్ర వంతెనల బొమ్మలు ఉన్నాయి.

బెన్నెట్ కాలపు తొలి నమూనా ఆ యూరప్ సంప్రదాయంలోంచి వచ్చిందే. భారీ దూలాలు, ఎక్కువ భాగం పచ్చి కలప. కట్టిన కొత్తలో దిట్టంగా ఉండేవి. కానీ పచ్చి కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. అతుకులు వదులవుతాయి. ఒకదానికొకటి అంటించి బోల్టులు వేసిన దూలాల మధ్య సందులో వాననీరు దిగి నిలుస్తుంది. పుచ్చు మొదలయ్యేది అక్కడే. లోపల ఒక ముక్క పాడైందని తెలిసినా దాన్ని ఒక్కదాన్నీ బయటికి తీసే వీలు లేదు. కింద పరంజా కట్టి మొత్తం ట్రస్‌ను ఎత్తిపట్టాలి.

1886లో జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజినీరు ఆ నమూనాను సంస్కరించాడు. ఎద్దుబళ్ళకు తోడు ఆవిరి ట్రాక్షన్ ఇంజన్లు రోడ్డెక్కే రోజులవి. ఆయన ఇంకా ఎక్కువ బరువుకు లెక్కవేశాడు. కర్రకు కర్ర తగిలే అతుకుల్లో షూలు అనే పోత ఇనుప దిమ్మెలు పెట్టాడు. కలప ఆరి వదులైనప్పుడు మళ్ళీ బిగించుకునే ఏర్పాటు చేశాడు. సిడ్నీ ఉత్తరపు అంచున గాల్‌స్టన్ లోయలో 1893 నాటి మెక్‌డొనాల్డ్ వంతెన ఇప్పటికీ రోడ్డును మోస్తోంది. ఆ లోయ దారి హెయిర్‌పిన్ మలుపులతో నిండి ఉండటంతో పొడవాటి లారీల్ని అటు రానివ్వరు. వంతెనకు ఆ మలుపులే కాపలా అయ్యాయి.

పెర్సీ ఆలన్ అడిగిన ప్రశ్న

1861లో సిడ్నీలో పుట్టి, 1878లో కుర్రవాడిగా ప్రజా పనుల శాఖలో చేరిన పెర్సీ ఆలన్ పేరు మీద 500కి పైగా వంతెనల నమూనాలు ఉన్నాయి. వాటన్నిటిలోకీ 1893లో ఆయన గీసిన కర్ర ట్రస్ ఈ కథకు ఆయువుపట్టు. అంతవరకు ఇంజినీర్ల దృష్టి ఎక్కువగా వంతెన ఎలా కట్టాలన్నదాని మీదే ఉండేది. ఆలన్ నమూనాను చూస్తే ఆయన ఇంకో ప్రశ్న కూడా వేసుకున్నాడని తెలుస్తుంది: ముప్ఫై ఏళ్ళ తరవాత ఇందులో ఒక దూలం పుచ్చిపోతే, ఆ పల్లెలో ఉండే నలుగురు వడ్రంగులు దాన్ని ఎలా మారుస్తారు?

జవాబు తేలిక. లావుపాటి ఒకే దూలానికి బదులు, మధ్యలో ఖాళీ వదిలి పక్కపక్కన రెండు సన్నటి దూలాలు పెట్టాడు. పైనా అంతే, అడుగునా అంతే. నిలువుగా ఇనుప కడ్డీలు ఆ సందులోంచి దిగుతాయి, వాటి చివర నట్లు బయటికే ఉంటాయి. ఏటవాలు కర్రలు పోత ఇనుప షూలలో కూర్చుంటాయి. దీంతో ఒకేసారి నాలుగు మేళ్ళు జరిగాయి. దూలాల మధ్య గాలి ఆడి తడి ఆరిపోయింది. రెండింటిలో ఒకదాన్ని తీసినా రెండోది తాత్కాలికంగా భారం పంచుకుంది. అడవిలో అరుదుగా దొరికే మహావృక్షాల అవసరం తగ్గి, మామూలు సైజు దుంగలు సరిపోయాయి. కొలతలన్నీ ఒకే తీరున ఉండటంతో ఒక వంతెనకు కోసిన ముక్క ఇంకో వంతెనకూ పనికొచ్చింది. అన్నిటికీ మించి, ఖర్చు కూడా దిగింది.

ఒక అడుగు దూలం మార్చే పనిని దగ్గరనుంచి చూస్తే ఆలన్ చూపు ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. ముందు పరీక్ష. మేస్త్రీ సుత్తితో దూలం పొడుగునా తడుతూ వెళ్తాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చు పట్టిన చోట శబ్దం మూగబోతుంది. అనుమానం వచ్చిన చోట సన్నటి బెజ్జం వేస్తాడు. పొడిగా, చుట్టలు చుట్టుకుంటూ రజను బయటికొస్తే దూలం బాగున్నట్టు. తడిసిన పొట్టులా రాలితే పోయినట్టే. చూసిన బెజ్జాన్ని వదిలేస్తే నీళ్ళు దిగుతాయి కనక బిరడా కొట్టి మూసేస్తారు. ఇక మార్పిడి. కింద ఊతాలు పెట్టి ట్రస్ భారం వాటి మీదికి దించుతారు. నిలువు కడ్డీల నట్లు వదులు చేస్తారు. పాత దూలాన్ని పక్కకు జారుస్తారు. కొత్త దూలానికి పాతదాని బెజ్జాలకు సరిగ్గా ఎదురుగా బెజ్జాలు వేసి, తలలకు తడి పీల్చకుండా పూత పూసి లోపలికి తోస్తారు. పొడుగాటి పానాలతో నట్లన్నీ కొంచెం కొంచెంగా, అటూ ఇటూ సమానంగా బిగిస్తారు. చివర్న ఒకరు వంతెన మొదట్లో నిలబడి ఒక కన్ను మూసి వరస చూస్తారు. ట్రస్ నడుము దగ్గర కాస్త పైకి ఉబ్బి ఉండాలి. కుంగితే ఎక్కడో ఒక కడ్డీ వదులుగా ఉన్నట్టు లెక్క.

ఈ పనిలో ఎక్కడా క్రేన్లూ కర్మాగారాలూ తప్పనిసరి కాదు. గొప్ప ఇంజినీరు తన తరవాత రాబోయే మామూలు పనివాడిని దృష్టిలో పెట్టుకుని గీసిన నమూనా ఇది. ఆలన్ వంతెనల్ని ఆయన తరవాతి తరం కూడా కడుతూనే పోయిందంటే ఆశ్చర్యం లేదు.

ఇనుము జత కలిసింది

ట్రస్‌లో అన్నిటికన్నా తొందరగా బాధపడేది అడుగు దూలం. సాగదీత భారం దానిదే. అంత పొడవు కర్ర ఒకే ముక్కగా దొరకదు, అతుకులు వేయక తప్పదు, అతుకు వేసిన చోట బలం తగ్గుతుంది. 1899 నుంచి ఎర్నెస్ట్ మకార్ట్నీ డి బర్గ్ అడుగు దూలాన్ని ఉక్కుతో చేసి, పై దూలాన్ని కర్రకే వదిలాడు. ఉక్కు లాగుడుకు గట్టిది, ఐరన్‌బార్క్ నొక్కుడుకు గట్టిది. ఎవరి పని వాళ్ళకు అప్పగించాడు. సిడ్నీలో లేన్ కోవ్ నది మీద, ఆ శతాబ్దం మారే రోజుల్లో ఆయన నిలిపిన ఖానా 165 అడుగులు, అంటే దాదాపు 50 మీటర్లు. కర్ర ట్రస్‌కు అది చాలా పెద్ద దూరం. 1960ల్లో పక్కనే కాంక్రీటు వంతెన వచ్చాక పాతదాన్ని అలాగే వదిలేశారు. 1994 జనవరి కార్చిచ్చులో అది కాలిపోయింది.

ఐదో నమూనా హార్వీ డేర్‌ది. 1905లో మొదలైన ఈ వంతెనల్లో ఆలన్ నమూనాలోని తేలికదనం, డి బర్గ్ ఉక్కు దూలం రెండూ కలిశాయి. 1936లో చివరి కర్ర ట్రస్ లేచేనాటికి ఉక్కు చవకైంది, కాంక్రీటు పల్లెలకు చేరింది. కొత్తవి కట్టే యుగం ముగిసింది, ఉన్నవాటిని కాపాడే యుగం మొదలయ్యింది.

ఒకే నది, మూడు గతులు

పైన గుండగై వరద సంగతి చెప్పుకున్న మరంబిడ్జి నది మీదికే మళ్ళీ వద్దాం. ఇప్పుడున్న క్యాన్‌బెరా రాజధాని ప్రాంతంలో థార్వా అనే పల్లె దగ్గర 1895 మార్చిలో ఒక ఆలన్ వంతెన తెరుచుకుంది. అదే నది దిగువన వాగ్గా వాగ్గా పట్టణంలో అదే ఏడు నవంబర్‌లో ఇంకో ఆలన్ వంతెన తెరుచుకుంది. న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ పేరు మీద దానికి హాంప్డెన్ వంతెన అని పేరు. ఒక్కో ట్రస్ 110 అడుగులు, అలాంటి ఖానాలు మూడు. ఒకే మనిషి గీసినవి, ఒకే ఏడు, ఒకే నీళ్ళ మీద. నూరేళ్ళ పాటు రెండూ నమ్మకంగా పనిచేశాయి.

1995లో వాగ్గాలో పక్కన కొత్త కాంక్రీటు వంతెన వచ్చింది. హాంప్డెన్ వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. బళ్ళు లేని వంతెనకు బడ్జెట్‌లో చోటు చిన్నదవుతుంది. పలకల సందుల్లో నీళ్ళు నిలిచాయి, దూలాలు పుచ్చాయి. 2006లో ప్రమాదమని కంచె వేసి మనుషుల్ని కూడా ఆపేశారు. నిలబెట్టాలన్నవాళ్ళు గట్టిగానే అడిగారు. అప్పటికి మరమ్మతు ఖర్చు కొండంత అయిపోయింది. 2014లో కూల్చేశారు.

థార్వాలోనూ ఇంచుమించు అదే జరగాల్సింది. 2000ల మధ్యలో వంతెన బలహీనపడిందని మూసేశారు. పక్కన కొత్త కాంక్రీటు వంతెన కడదామన్న ప్రతిపాదనా వచ్చింది. కానీ పల్లెకు ఆ వంతెనే దారి. అది మూతపడితే బడికీ దుకాణానికీ చుట్టూ తిరిగి పోవాలి. చివరికి పాతదాన్నే బాగుచెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. ట్రస్‌లను ఒక్కొక్కటిగా విప్పి, పాడైన కలప మార్చి, కంటికి కనపడని చోట్ల బలం చేర్చి, 2011లో పని పూర్తిచేశారు. ఈనాడు అది రాజధాని ప్రాంతంలో అన్నిటికన్నా పాత వంతెన, పల్లెవాళ్ళ కార్లు దాని మీంచే వెళ్తాయి.

ఈ రెంటికీ మధ్యలో ఉన్న గుండగైలో వరద మైదానాన్ని దాటించే పొడవాటి కర్ర వారధి ఉండేది. 1896లో తిరగకట్టిన ఆ వారధి మీద రాకపోకలు 1970ల్లోనే ఆగాయి. కొన్ని దశాబ్దాలు శిథిలంగా నిలిచి, 2021లో అదీ నేలమట్టమైంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కలప ఒకటే, వాతావరణం దాదాపు ఒకటే. బతికింది ఊరికి అవసరమైన వంతెన. పోయినవి గౌరవంగా పక్కన పెట్టేసినవి. కర్ర వంతెనకు పదవీ విరమణ అంటే మరణశిక్ష రాసినట్టే.

అవసరం అంటే లారీలే కానక్కర్లేదు. సిడ్నీ నడిబొడ్డున డార్లింగ్ హార్బర్‌లో పిర్మాంట్ వంతెన ఉంది. 1902లో తెరిచిన ఆ వంతెన కూడా పెర్సీ ఆలన్‌దే. మధ్యలో ఓడలకు దారివ్వడానికి విద్యుత్తుతో పక్కకు తిరిగే ఉక్కు ఖానా, రెండు వైపులా ఐరన్‌బార్క్ ట్రస్‌లు. విద్యుత్తుతో తిరిగే వంతెనల్లో ప్రపంచంలోనే తొలినాటి వాటిలో అదొకటి. 1981లో బళ్ళు ఆపేశాక కూల్చివేత అంచు దాకా వెళ్ళింది. జనం పట్టుబట్టడంతో నిలిచి, 1988లో పాదచారుల వంతెనగా మళ్ళీ తెరుచుకుంది. సిడ్నీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సాయంత్రాలు పిల్లలతో దాని మీద నడుస్తుంటాయి. బళ్ళు పోయినా మనుషులు పోలేదు కనక అది నిలిచింది.

48లో 26

2011 నాటికి ఆ రాష్ట్ర రోడ్ల సంస్థ చేతిలో మిగిలిన కర్ర ట్రస్ వంతెనలు 48. అన్నిటినీ నిలపడం సాధ్యం కాదని, అన్నిటినీ పోనివ్వడం తగదని ఆ సంస్థ ఒక ప్రణాళిక వేసింది. ఐదు నమూనాలకూ ప్రాతినిధ్యం ఉండేలా 26 వంతెనల్ని ఎంచుకుని శాశ్వతంగా కాపాడాలని, మిగతా 22 చోట్ల క్రమంగా కొత్తవి కట్టాలని నిర్ణయించింది. బెన్నెట్ కాలపు తొలి నమూనాలో మిగిలినవి రెండే: క్లారెన్స్ టౌన్‌లో 1880 నాటిది, మంకెరాయ్‌లో 1882 నాటిది. వాటిని వదులుకునే ప్రశ్నే లేదు.

ఈ నిర్ణయం కొందరికి నచ్చలేదు. దాని వెనకున్న ఇబ్బందులు మాత్రం నిజమైనవి. ఎద్దుబళ్ళకూ ఆవిరి ఇంజన్లకూ లెక్కవేసిన వంతెన మీదికి ఇవాళ 42.5 టన్నుల సెమీ ట్రైలర్ వస్తుంది. పాలకేంద్రానికీ పశువుల సంతకూ వెళ్ళే రైతు తన లారీని ముప్ఫై కిలోమీటర్లు చుట్టూ తిప్పుకెళ్ళమంటే ఒప్పుకోడు. వంతెన రూపం చెడకుండా బలం పెంచడానికి ఇంజినీర్లు పలకల కింద అడ్డదూలాల్ని మార్చారు. సన్నటి పలకల్ని నిలువుగా పక్కపక్కన చేర్చి ఉక్కు కడ్డీలతో అదిమి బిగించి, నీళ్ళు దిగని ఒకే దళసరి నేలగా చేశారు. కొన్ని చోట్ల జంట దూలాల మధ్య ఉక్కును కనపడకుండా దాచారు. ఆలన్ వదిలిన సందు నూరేళ్ళ తరవాత ఇలా కూడా అక్కరకొచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. దూలాలన్నీ మార్చేశాక, ఉక్కు కూడా చేర్చాక, అది పాత వంతెన ఎలా అవుతుంది? రాతి గుడికైతే ఈ ప్రశ్న న్యాయమైనదే. అక్కడ శిల్పి ఉలి తగిలిన రాయే చరిత్ర. ఈ వంతెనలకు చరిత్ర వాటి అమరికలో ఉంది. ముక్కలు మార్చుకుంటూ బతకడమే ఆలన్ వాటికి రాసిచ్చిన ఆయుర్దాయం. 1895 నాటి కలపను అలాగే ఉంచాలని పట్టుబడితే ఆయన ఆలోచన ఓడిపోతుంది. నా మటుకు నాకు, మార్చిన దూలం కన్నా భయపెట్టేది మార్చడం తెలియని తరం.

పైకప్పు, పునర్నిర్మాణం

కర్రను కాపాడటానికి ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. స్విట్జర్లాండ్‌లో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో వంతెనకు ఇల్లులా పైకప్పు వేశారు. అక్కడి కలప మెత్తన. వాన తగలకుండా చూస్తే చాలు, వందల ఏళ్ళు ఉంటుంది. లూసెర్న్‌లో 14వ శతాబ్దపు కప్పు వంతెన 1993 ఆగస్టులో నిప్పంటుకుని చాలాభాగం కాలిపోతే, ఊరు ఏడాది తిరగకుండా తిరిగి కట్టుకుంది. న్యూ సౌత్ వేల్స్‌లో కప్పులు వేయలేదు. గట్టి కర్ర, గాలి ఆడే సందు, ఎప్పటికప్పుడు మరమ్మతు: ఈ మూడే వాళ్ళ రక్షణ.

జపాన్‌లో ఇవాకుని ఊరిది మూడో దారి. 1673లో కట్టిన ఐదు కమానుల కింటాయ్ వంతెన మరుసటి ఏడే వరదకు పోతే, లోపం దిద్ది వెంటనే మళ్ళీ లేపారు. అప్పటినుంచి కమానుల్ని తరతరానికి విప్పి తిరిగి కడుతూ వచ్చారు. 1950లో తుపాను వరదకు కొట్టుకుపోతే 1953లో కట్టారు. అది బాగానే ఉన్నా 2001లో మళ్ళీ విప్పడం మొదలుపెట్టి 2004కల్లా కొత్త కలపతో నిలిపారు. వంతెన చెడిపోయేదాకా ఆగితే, కట్టడం తెలిసిన పెద్ద వడ్రంగులు మిగలరన్నది వాళ్ళ లెక్క. రేపటి వంతెనకు కావాల్సిన చెట్లు పెంచడానికి కొంత అడవిని కూడా కేటాయించారు.

న్యూ సౌత్ వేల్స్‌కు ఇప్పుడు నేర్చుకోవలసిన పాఠం ఇదేననిపిస్తుంది. ఆ పాత ఐరన్‌బార్క్ అడవుల్లో చాలాభాగం నరికేశారు, మిగిలినదాంట్లో చాలాభాగాన్ని జాతీయ ఉద్యానాలుగా రక్షించుకున్నారు. ఆ రక్షణ సరైనదే. అయితే వంతెనకు పనికొచ్చే పొడవాటి చేవ దుంగ ఇప్పుడు అడగ్గానే దొరకదు. అలాంటి చెట్టు ఎదగడానికి నూరేళ్ళ పైనే పడుతుంది. అంటే 26 వంతెనల్ని నిజంగా శాశ్వతంగా ఉంచాలనుకున్నవాళ్ళు వాటి పేరు మీద ఈ ఏడే మొక్కలు నాటాలి. సుత్తి చప్పుడు విని కర్ర ఆరోగ్యం చెప్పగల మేస్త్రీ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళను పనికి పెట్టాలి. వంతెన మీద రాకపోకలు ఆగనివ్వకూడదు.

వారసత్వ కట్టడం అనగానే మనకు చుట్టూ కంచె, పక్కన బోర్డు గుర్తొస్తాయి. రాతికి ఆ మర్యాద చాలు. కర్ర వంతెనను అలా కాపాడలేం. చెట్టు, చెయ్యి, రాకపోక: మూడూ కలిసి ఉంటేనే అది నిలుస్తుంది, ఒకటి తప్పుకుంటే మిగతా రెండూ చాలవు. పెర్సీ ఆలన్ 1893లో తన వంతు పని పూర్తిచేశాడు. తన తరవాత వచ్చే ప్రతి తరమూ పానా పట్టుకుని కిందికి దిగుతుందన్న నమ్మకంతోనే ఆ నమూనా గీశాడు. థార్వా ఆ నమ్మకాన్ని నిలబెట్టింది. మిగతా ఊళ్ళు కూడా నిలబెట్టాలని ఈ చరిత్ర చదివినవాళ్ళు ఎవరైనా కోరుకుంటారు.

(వచ్చే సంచికలో: ఇనుప గొలుసుల మీద వేలాడిన వంతెనలు)